ఉప్పుగాలిలో ట్రయంఫ్: గోదావరి డెల్టాలో బ్రిటిష్ బండిని ఇంటి దగ్గరే చూసుకోవడం ఎలా

నా ట్రయంఫ్ స్పీడ్ 400 కొన్న తొమ్మిదో నెలలో, నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరక్కముందే, ఫోన్ హోల్డరుకి నేనే బజారులో కొని బిగించిన బోల్టు తుప్పు పట్టి చేతిలోకి ఊడొచ్చింది. కంపెనీ పుస్తకంలో సర్వీసు 16,000 కిలోమీటర్లకు, లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు అని ఉంది. ఆ లెక్కన నా బండి ఇంకా పసిబిడ్డే. కానీ ఆ పుస్తకం రాసినవాళ్లకు మా బోరునీళ్లు తెలియవు. బండ్లని గోదావరి దాటించే నరసాపురం పంటు తెలియదు. రొయ్యల లారీ వెనకాల పది కిలోమీటర్లు వెళ్తే మొహం మీద పడే చినుకు వాన కాదని, కరిగిన ఐసుతో కలిసిన ఉప్పునీరని అంతకన్నా తెలియదు.

అప్పటినుంచి కిలోమీటర్ల లెక్క రెండో స్థానానికి దింపేశాను. కాలువలు కట్టేసే వేసవి, తొలకరి, వరద, తుఫాన్ల కార్తీకం, ఇలా కాలాన్ని బట్టి బండి పని చేస్తున్నాను. కింద రాసిందంతా అలా నేర్చుకున్నదే. ఉదాహరణలు నా 400వి, మా బావ దగ్గరున్న 900 సీసీ ట్రయంఫ్ బానవిల్‌వి. పద్ధతి మాత్రం ఈ కోవ బండ్లన్నిటికీ పనికొస్తుంది.

బ్రిటిష్ అంటే ఎంత బ్రిటిష్

ట్రయంఫ్ 1885లో లండన్‌లో మొదలైంది, తర్వాత కోవెంట్రీకి మారి 1902లో మొదటి మోటారు సైకిలు చేసింది. దాని మెరిడెన్ ఫ్యాక్టరీ 1983లో మూతపడ్డాక జాన్ బ్లూర్ అనే ఇళ్ల నిర్మాణ వ్యాపారి ఆ పేరు కొని, హింక్లీలో కొత్త ఫ్యాక్టరీ కట్టి, 1990ల మొదట్లో మళ్లీ బండ్లు బయటికి తెచ్చాడు. 2023 జులైలో వచ్చిన స్పీడ్ 400 డిజైను హింక్లీది, తయారీ పుణె దగ్గర చకన్‌లో బజాజ్ వాళ్లది. మరో పాత బ్రిటిష్ కంపెనీ నార్టన్‌ని 2020లో టీవీఎస్ కొనేసింది. మహీంద్రా వాళ్ల క్లాసిక్ లెజెండ్స్ 2024 ఆగస్టులో ఇంకో బ్రిటిష్ పేరు, బీఎస్ఏ గోల్డ్ స్టార్‌ని మన దేశంలోకి తెచ్చింది. రెడిచ్‌లో పుట్టిన ఎన్‌ఫీల్డ్ సంగతి చెప్పక్కర్లేదు, దాన్ని మనం ఎప్పుడో దత్తత తీసుకున్నాం.

ఈ చరిత్ర ఎందుకంటే, పానాల పెట్టె దగ్గర పనికొస్తుంది. పాత మెరిడెన్ బండ్లకు విట్‌వర్త్ లాంటి అంగుళాల కొలతల బోల్టులుండేవి, మన పానాలు వాటికి పట్టవు. హింక్లీ బండ్లన్నీ మిల్లీమీటర్ల కొలతే. మన కొట్టులో దొరికే 8, 10, 12 నంబరు పానాలు చక్కగా పడతాయి. కాకపోతే నక్షత్రం గుంట ఉన్న టార్క్స్ బోల్టులు కూడా ఎక్కువే. వాటిలో ఆరు పలకల ఎల్లెన్ కీ దూర్చి తిప్పారంటే గుంట గుండ్రమైపోతుంది, ఆ తర్వాత వెల్డింగ్ షాపే గతి. టార్క్స్ బిట్ల సెట్టు ఒకటి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి ఒకటి, వెనక చక్రం లేపే ప్యాడక్ స్టాండు, మల్టీమీటరు, గాలి చూసే గేజి: బండి కొన్న నెలలోనే ఈ ఐదూ కొనండి. మిగతావి అవసరం పడ్డప్పుడు చూసుకోవచ్చు.

ఇంకో మాట. మాకు షోరూం వెళ్లి రావాలంటే ఒక రోజు పోతుంది. అందుకని ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు వాషర్లు, ఒక జత బ్రేకు ప్యాడ్లు, ఒక క్లచ్ లీవరు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకుంటాను. 400 పార్టులు తొందరగానే వస్తాయి. మా బావ 900 పార్టు కోసం ఒకసారి పెళ్లి ముహూర్తానికి ఎదురు చూసినట్టు చూశాం.

ఎక్కడ పెడుతున్నారు

బండి నడిచే గంటల కన్నా నిలబడే గంటలే ఎక్కువ, తుప్పు పని చేసేది అప్పుడే. పశువుల పాకలో పెట్టకండి, మూత్రం నుంచి వచ్చే అమోనియా అల్యూమినియాన్ని, వైర్లలోని రాగిని తినేస్తుంది. ఎరువుల బస్తాలున్న గదిలో వద్దు. చెరువు మీద వేసే బ్లీచింగ్ పౌడరు నిల్వ ఉన్న షెడ్డులో అసలు వద్దు. ఆ ఆవిరికి స్టెయిన్‌లెస్ స్టీలు సైలెన్సరు మీద కూడా గోధుమరంగు మచ్చలు పడతాయి. కొబ్బరిచెట్టు కింద పెడితే ఏమవుతుందో కోనసీమ వాళ్లకి నేను చెప్పడం బాగోదు.

ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ బయటికి పోదు. తెల్లారి తీసి చూస్తే ట్యాంకు మీద నీటిబొట్లు నిలిచి ఉంటాయి. పాత నూలు దుప్పటి చాలు, అది కూడా బండి పూర్తిగా ఆరాక, ఇంజను చల్లారాక. దగ్గరలో రైసుమిల్లు ఉంటే దుప్పటి తప్పనిసరి. పొగగొట్టం నుంచి రాలే ఊక బూడిద నల్లగా, గరుకుగా ఉంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిచారంటే పెయింటు మీద గీతలే. ముందు నీళ్లు పోసి కడగాలి, ఆ తర్వాతే గుడ్డ.

కడగడం: సగం పని ఇదే

చాలామంది ఇక్కడే బండిని పాడు చేసుకుంటారు, అదీ శుభ్రం చేస్తున్నామనుకుంటూ. తీరం వైపు మండలాల్లో బోరునీళ్లు నోట్లో పెట్టుకుంటే ఉప్పగా తగులుతాయి. ఆ నీళ్లతో కడిగి ఎండలో ఆరబెడితే నీరు పోతుంది, ఉప్పు ఉండిపోతుంది. బోల్టు తలల గుంటల్లో, సైలెన్సరు క్లాంపుల దగ్గర తెల్లటి చారలు కనిపిస్తే అదే.

నేను చేసే వరస ఇది. ఇంజను చల్లారాక తాళంచెవి తీసేసి, సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కుతాను. బోరునీళ్లే అయినా మొదట బురద వదలడానికి పైపు సన్నటి ధారతో పోస్తాను. రేగడి బురద ఎండితే పెంకులా పట్టేస్తుంది కాబట్టి పది నిమిషాలు నాననిస్తాను. షాంపూ నీళ్లతో పైనుంచి కిందికి తోముతాను, చక్రాలకు వేరే గుడ్డ. చివర్లో వాటర్ ప్లాంటు నుంచి తెచ్చిన 20 లీటర్ల టిన్ను నీళ్లలో సగం మగ్గుతో నిదానంగా బండంతా పోస్తాను. ఆర్వో నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, కాబట్టి ముందు నీళ్లు వదిలిన ఉప్పుని అవి తీసుకుపోతాయి. మా అమ్మ మొదటిసారి చూసి, "తాగే నీళ్లు బండికి పోస్తున్నావేంట్రా!" అంది. వాన పడే రోజుల్లో చూరు కింద బకెట్టు పెట్టి ఆ నీళ్లే వాడతాను, ఆవిడకీ మనశ్శాంతి.

తర్వాత సైలెన్సరులో గుడ్డ తీసేసి రెండు కిలోమీటర్లు నడిపి రావాలి, బ్రేకులు నాలుగైదు సార్లు నొక్కుతూ. ఇంజను వేడికి మూలల్లో నీరు ఆరుతుంది, డిస్కులు ఆరుతాయి. వచ్చాక బోల్టు తలల మీద, స్టాండు స్ప్రింగు మీద, ఫుట్‌రెస్టు కీళ్ల మీద తుప్పు పట్టనివ్వని స్ప్రే గుడ్డకు కొట్టి ఆ గుడ్డతో రాయండి. డిస్కుల మీదా, టైర్ల మీదా ఒక్క చుక్క పడకూడదు. కొబ్బరినూనె రాస్తే సరిపోతుందిగా అంటారు మన వాళ్లు. మెరుపు ఒక రోజు ఉంటుంది, దాని మీద పేరుకున్న దుమ్ము నెలంతా ఉంటుంది.

వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ గన్ను మాత్రం చక్రాల బేరింగుల మీద, చైను మీద, సీటు కింద, రేడియేటరు రెక్కల మీద కొట్టనివ్వకండి. ఆ ఒత్తిడికి సీళ్లు దాటి నీరు లోపలికి పోతుంది, గ్రీజు బయటికి వస్తుంది. రేడియేటరు రెక్కలు వంగిపోతే గాలి ఆడదు.

అంతర్వేది ఇసుకలోకి బండి దింపి ఫొటో తీసుకోవాలనే సరదా నాకూ ఉండేది. ఒకసారి దింపాను. వచ్చాక ఒళ్లు బద్ధకించి వారం రోజులు కడగలేదు. వెనక బ్రేకు క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) కదిలే పిన్ను బిగుసుకుపోయి, ఒకవైపు ప్యాడు కోసేసినట్టు అరిగిపోయింది, రెండోది కొత్తగానే ఉంది. సముద్రం ఒడ్డుకి వెళ్తే ఆ రాత్రే కడగాలి. రాత్రి కుదరదంటే వెళ్లొద్దు.

చైను

ఈ బండ్లకు వచ్చేది ఎక్స్-రింగు, ఓ-రింగు లాంటి రబ్బరు రింగుల చైను. ప్రతి కీలు లోపల ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజుని చిన్న రబ్బరు రింగులు కాపాడుతుంటాయి. మనం పైన వేసే ఆయిలు పని రెండే: ఆ రబ్బరు ఎండిపోకుండా చూడటం, బయటి ఇనుముకి తుప్పు పట్టకుండా చూడటం. ఇది తెలిస్తే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. పెట్రోలుతో కడిగితే రబ్బరు పాడవుతుంది. ఇనుప బ్రష్షు రింగుని కోసేస్తుంది. ఇంజన్లోంచి తీసిన నల్ల ఆయిలు పూస్తే అందులో మసి, లోహపు రజను ఉంటాయి, అంటే చైనుకి ఆకురాయి పెట్టినట్టే.

కిరసనాయిలు మంచిదే గానీ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? చైను క్లీనర్ స్ప్రే, మెత్తటి బ్రష్షు వాడండి. ప్యాడక్ స్టాండు మీద లేపి, ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ తుడవండి. ఇంజను స్టార్టు చేసి, గేరు వేసి, తిరిగే చైనుకి గుడ్డ పట్టుకునేవాళ్లున్నారు. గుడ్డ స్ప్రాకెట్లోకి వెళ్తే వేళ్లు కూడా దాని వెంటే వెళ్తాయి.

శుభ్రమయ్యాక చైను లూబ్ గానీ, 90 నంబరు గేరాయిలు గానీ చైను లోపలి అంచున సన్నగా వేసి, పది నిమిషాలాగి మిగిలింది తుడిచేయండి. రాత్రి వేసి పడుకుంటే పొద్దుటికి పట్టి ఉంటుంది. మామూలు రోజుల్లో 500 కిలోమీటర్లకు ఒకసారి. వానలో తడిస్తే కిలోమీటర్లు చూడకండి, ఆరోజే.

లూజు చూడటం అందరూ చేస్తారు, కానీ ఒక్కచోటే చూస్తారు. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చైను కింది వరస మధ్యలో పైకీ కిందికీ కదిపి, అన్నిటికన్నా బిగువుగా ఉన్నచోట స్కేలుతో కొలవండి. ఎంత ఉండాలో పుస్తకంలో ఉంటుంది. స్టాండు మీద కొలవమన్నారా, నిటారుగా నిలబెట్టి కొలవమన్నారా అన్నది కూడా అందులోనే చూసుకోండి, రెండింటికీ తేడా వస్తుంది. సర్దేటప్పుడు యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండువైపులా అడ్జస్టర్లు సమానంగా పావు చుట్టు చొప్పున తిప్పాలి. చివర్లో నట్టు బిగించాల్సింది టార్క్ రెంచితో, మోకాలి బలంతో కాదు. అనుమానం వస్తే ఒక పిసరు వదులుగానే ఉంచండి. బిగువు చైను గేరుబాక్సు బేరింగుని లాగేస్తుంది, ఆ ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది.

ఆయిలు

"నేను తిరిగేది తక్కువే కదా, ఆయిలు ఎందుకు మార్చాలి?" అని మా బావ వాదన. ఇంటి నుంచి చెరువుకి మూడు కిలోమీటర్లు, చెరువు నుంచి ఇంటికి మూడు. అంత దూరంలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోదు, ఆయిల్లోనే కలుస్తుంది. ఫిల్లర్ మూత తీసి చూపించాను: మూత అడుగున మజ్జిగ మీగడలాంటి తెల్లటి పూత. ఆరోజుతో వాదన అయిపోయింది. తక్కువ తిరిగే బండికి ఏడాదికోసారి ఆయిలు తప్పదు. వారానికోసారైనా అరగంట ఏకబిగిన నడపాలి.

మార్చే పద్ధతి: ఐదు నిమిషాలు ఇంజను నడిపి ఆపండి, గోరువెచ్చగా ఉంటే ఆయిలు బాగా కారుతుంది. కింద వెడల్పు పళ్లెం పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పండి, చివరి చుట్లు చేత్తోనే. ఫిల్టరు తీసి, కొత్తదాని రబ్బరుకి కొంచెం ఆయిలు రాసి పెట్టండి. బోల్టుకి ప్రతిసారీ కొత్త వాషరే. ఇంజను అడుగు అల్యూమినియం కాబట్టి బలంగా బిగిస్తే మర పోతుంది, టార్కు అంకె పుస్తకంలో చూసి అంతే బిగించండి. ఆయిలు డబ్బా మీద జాసో ఎంఏ2 (JASO MA2) అని ఉండాలి. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి, కారు ఆయిలు పోస్తే జారిపోతాయి. చెప్పిన కొలతలో కాస్త తగ్గించి పోసి, ఒక నిమిషం ఇంజను నడిపి ఆపి, నాలుగు నిమిషాలాగి మట్టం చూసి, అప్పుడు మిగతాది కలపండి.

పాత ఆయిలు మెకానిక్ కొట్టులో ఇచ్చేయండి, అక్కడి నుంచి కొనుక్కుపోయేవాళ్లుంటారు. కాలువలో పోయకండి. ఆ కాలువ నీళ్లే మన ఊరి మంచినీళ్ల చెరువులోకి వెళ్తాయి.

బ్రేకులు, కూలెంటు

డాట్ 4 బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు అది మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి, తేమ పీల్చాక 155 దగ్గరే మరగవచ్చు. మరిగితే బుడగలు, బుడగలొస్తే లీవరు మెత్తబడుతుంది. పుస్తకం రెండేళ్లకు మార్చమంటుంది. మన ఉక్కపోతకి నేను ఏడాదికే మారుస్తాను. ఇంట్లో చేసుకుంటే బండి మీదున్న బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం ఎప్పుడూ అడుగంటకుండా పోస్తూ ఉండాలి. గాలి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) యూనిట్లోకి వెళ్లిందంటే దాన్ని తీయడానికి షోరూం కంప్యూటరు కావాలి. ట్యాంకు మీద ఒక చుక్క పడితే వెంటనే నీళ్లు పోయండి, పెయింటు లేచిపోతుంది.

కూలెంటు కలిపి అమ్మేదే కొనండి. మట్టం తగ్గిందని బోరునీళ్లు పోస్తే రేడియేటరు లోపల గార కడుతుంది. ఇంజను వేడిగా ఉండగా మూత తీయవద్దు. దాళ్వా మాసూళ్లప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి దాటి వస్తాం కదా, ఆ నూగు రేడియేటరు రెక్కల్లో ఇరుక్కుంటుంది. వేసవిలో ఫ్యాను మాటిమాటికీ తిరుగుతుంటే ముందు అక్కడ చూడండి. మెత్తటి బ్రష్షుతో రెక్కల వెంటే నిలువుగా దులపాలి. ఎయిర్ ఫిల్టరు కూడా ఆ నెలలోనే.

కరెంటు, ఎలకలు

మల్టీమీటరు పెట్టి పొద్దున్నే, బండి స్టార్టు చేయకముందు బ్యాటరీ చూడండి. 12.6 వోల్టులు దాటితే బాగున్నట్టు. 12.4 కన్నా తగ్గితే స్మార్ట్ చార్జరు పెట్టండి. ఇంజను నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగు సరిగ్గా ఉంది. ఏడాదికోసారి సీటు తీసి, కనపడే కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పి, డైఎలక్ట్రిక్ గ్రీజు రవ్వంత పెట్టి మళ్లీ నొక్కేయండి. చెమ్మ నేలలో ఇది చాలా తలనొప్పులు తప్పిస్తుంది.

ఒక ఏప్రిల్లో, కోతలయ్యాక, నా బండికి ఏబీఎస్ లైటు వెలిగి ఆరలేదు. సెన్సారు పోయిందేమో, ఎంతవుతుందో అని ఒకటే టెన్షన్. మా ఊరి మెకానిక్ బుల్లెట్ల మీద చెయ్యి తిరిగిన పెద్దాయన. సీటు తీసి చూసి, "ఇన్ని వైర్లేంటండీ బాబూ, కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. తర్వాత వంగి వాసన చూశాడు. "ఎలకండి."

"ఎలా చెప్పావు బాబాయ్?"

"ఉచ్చ కంపండి. ఆయ్, ఇదిగో చూడండి."

బ్యాటరీ పక్కన గుప్పెడు వడ్ల పొట్టు, చింపిన గుడ్డపీలికలు, వెనక చక్రం సెన్సారు వైరు మీద పంటిగాట్లు. చేలు కోసేశాక ఎలకలు ఇళ్లలోకొస్తాయి, వెచ్చటి సీటు కింద కాపురం పెడతాయి. ఆయన వైరు టంకం వేసి, వేడికి బిగుసుకునే స్లీవు తొడిగాడు, లైటు ఆరింది. అప్పటినుంచి కోతల నెలల్లో పలచటి గుడ్డలో కలరా ఉండలు మూటకట్టి సీటు కింద పెడుతున్నాను, పది రోజులకోసారి సీటు లేపి చూస్తున్నాను. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ ఉండలు చేతికందకుండా చూసుకోండి.

వరద వస్తే

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో, ఏటిగట్టు లోపల ఉండేవాళ్లయితే మొదటిదానికే బండిని మెరకలో ఉన్న చుట్టాలింటికి చేర్చండి. రెండోది వచ్చాక రోడ్డు ఉంటుందో ఉండదో.

నీళ్లలోంచి వెళ్లక తప్పకపోతే చక్రం ఇరుసుని హద్దుగా పెట్టుకోండి, అంతకు మించితే దిగి నిలబడటమే. బండి మునిగిందా, ఏం చేసినా సరే స్టార్టరు మాత్రం నొక్కకండి. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే నొక్కినా అది కుదించుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. ఎయిర్ ఫిల్టరు పెట్టె తెరిచి చూడండి. అది తడిస్తే ప్లగ్గు విప్పాలి. ఆయిలు పాల టీ రంగులో ఉంటే పూర్తిగా తీసేసి కొత్తది పోయాలి, ఒకటి రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. ఇన్సూరెన్సు ఉంటే ఇవేవీ చేయకముందే ఫొటోలు తీసి వాళ్లకు ఫోన్ చేయండి, ట్రాలీ ఆటోలో పంపించండి.

వాన రోజుల్లో ఇంకోటి: దమ్ము చక్రాల ట్రాక్టర్లు చేల్లోంచి రోడ్డెక్కి వదిలిన బురద ఆముదం పోసినట్టుంటుంది. స్పీడ్ 400కి వెనక 150/60 రేడియల్ టైరు ఉంది కదాని ధీమా పడొద్దు. గాలి వారానికోసారి, పొద్దున్న టైరు చల్లగా ఉన్నప్పుడు, మీ గేజితోనే చూసుకోండి. పంచరు కొట్టు మీటర్లు రెండు చోట్ల రెండు రకాలుగా చూపిస్తాయి.

పెట్రోలు గురించి చిన్న మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమను పట్టుకుంటుంది. నెల రోజులు ఊరెళ్తుంటే ట్యాంకు నిండా పోయించి వెళ్లండి. ఖాళీ జాగా లేకపోతే తేమగాలికీ చోటుండదు. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండి అయితే ఈ పెట్రోలు పడుతుందో లేదో మాన్యువల్లో చూసుకోండి.

ఇంట్లో ముట్టుకోనివి

వాల్వు క్లియరెన్సు, ఫోర్కు సీళ్లు, ఏబీఎస్ యూనిటు, ఇంజను లైటు వెలిగితే కంప్యూటరు పెట్టి చదవడం: ఇవి నేను చేయను. వారంటీ ఉన్నంతకాలం పుస్తకంలో రాసిన సర్వీసులన్నీ షోరూంలోనే చేయిస్తాను. ఇంట్లో చేసేది వాటి మధ్యలో పడే పని మాత్రమే. కొన్న ప్రతి ఆయిలు డబ్బా బిల్లూ దాస్తాను. వంటింటి గోడకున్న క్యాలెండరు మీదే తేదీ పక్కన రాసుకుంటాను: చైను, ఆయిలు, బ్రేకు. మా అమ్మ పాల లెక్క పక్కన.

షోరూంకి వెళ్లే ముందురోజు ఆ క్యాలెండరు ఫొటో తీసుకుంటాను. అక్కడి కుర్రాడికి అది చూపించి, క్యాలిపర్ పిన్నులు విప్పి గ్రీజు పెట్టమని, స్టీరింగు బేరింగు చూడమని విడిగా అడిగి రాయిస్తాను. అడక్కపోతే ఆ రెండూ చేయరు. వచ్చేటప్పుడు మా బావకి ఒక ఫిల్టరు, రెండు వాషర్లు.